గంప దించితేనే అడుగు

"ఫోను ప్యాంటు జేబులో ఎట్టుకోవాలంట!" పైడమ్మ ఆ రంగుల కాగితాన్ని చెల్లెలి ఒళ్ళోకి విసిరికొట్టింది. "సూడవే రత్నం, మీ ఆపీసోల్లు ఎంత బాగా సెప్పేరో. ఈ వయసులో నాను ప్యాంటు కుట్టించుకోవాలంట. మరి టోపీ ఎవులు కొంతారు, నువ్వు కొంతావేటి?"

నూకరత్నానికి నవ్వు రాలేదు. ఆ కాగితం వచ్చింది తమ ప్రయోగశాల నుంచే. 'అడుగులు సరిగ్గా నమోదు కావడం లేదా? ఇలా చేసి చూడండి' అని పైన పెద్దక్షరాలు. ఫోనుని ఆపి మళ్ళీ వెలిగించమంటుంది. బ్యాటరీ పొదుపు తీసెయ్యమంటుంది. అనుమతులన్నీ ఇచ్చారో లేదో చూసుకోమంటుంది. ఎత్తూ బరువూ సరిగ్గా రాయమంటుంది. ఫోనుని ప్యాంటు జేబులో ఉంచుకుని, చేతులు ధారాళంగా ఊపుతూ నడవమంటుంది. పక్కన బొమ్మలో తెల్లబూట్ల మనిషొకడు పార్కులో పరుగెడుతూ పళ్ళికిలిస్తున్నాడు.

"ఇవన్నీ చేశావా అప్పా?"

"సేసేను. ప్యాంటొకటే తరువాయి."

"మరి రోజూ పొద్దున్నపూట నువ్వు బస్సులో ఉన్నట్టు చూపిస్తోందెందుకు? హార్బరు నుంచి కొండమీద కాలనీ దాకా. ఒక్కరోజు కాదు, రోజూను. ఆటో ఎక్కితే ఎక్కానని చెప్పు, నేనేం తిట్టనుగా! నడుస్తున్నానని నాకు అబద్ధం చెప్పడం దేనికి?"

పైడమ్మ మొహం ఎర్రబడింది. యాభయ్యేళ్ళ మనిషి, హార్బరులో చేపలు కొని కొండవాలు వీధుల్లో అమ్ముకునే మనిషి, జాలరిపేటలో ఆవిడ నోటికి జడవనివాళ్ళు లేరు.

"నాను అబద్దమాడతన్నానా? ఆ కొండ ఎక్కేసరికి కళ్ళు బైర్లు కమ్మి గోడట్టుకుని కూలబడిపోతన్నానే! సెవుల్లో హోరు, కాళ్ళు మొద్దులు. నా గుండె మాట నాను సెప్తే నమ్మవు, ఈ డబ్బా సెప్తే నమ్ముతావు. బాగా సదివేవే తల్లీ!" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

పైడమ్మ ఛాతీలో, చర్మం కింద, చింతపిక్కంత యంత్రం ఒకటుంది. దాని పేరు లయ. మెల్లబడిపోయిన గుండెని కొట్టుకోమని తట్టిలేపే యంత్రాలు కొత్తవేం కావు. లయ గొప్పదనమల్లా, అది ఆలోచించకపోవడమే. ఆలోచించే పని రోగి ఫోనుకి అప్పజెప్పారు, అందుకే అది అంత చిన్నది, అంత చవక. మనిషి అడుగు వేసినప్పుడల్లా ఒళ్ళు రవ్వంత పైకి లేచి కిందికి దిగుతుంది. ఫోనులోని చిప్పు ఆ కుదుపుని పసిగట్టి, ఒక అడుగు పడిందని రాసుకుంటుంది. అడుగులు జోరందుకుంటే, మనిషి నడుస్తోంది గుండెని తోలు అని లయకి కబురు పంపుతుంది. కూర్చుంటే నెమ్మదించమంటుంది. మరి అడుగు లెక్కలోకి రాకపోతే? కొండ ఎక్కుతున్న మనిషికి కూర్చున్న మనిషి గుండే గతి.

ఇదంతా నూకరత్నానికి ఒకరు చెప్పక్కర్లేదు. ఆ లెక్క రాసినవాళ్ళలో ఆమె ఒకతి. అప్పకి తెలియనిది తనకి తెలుసన్న ధీమాతోనే ఆరోజు చెప్పులేసుకుని బయటికొచ్చింది. గడపలో ఆగి, "రేపు మా ఆఫీసుకి రా, నడిపించి చూస్తాం. నిజం అప్పుడే తేలుతుంది" అంది.

ఆ మాట అన్నందుకు తర్వాత ఆమె చెంపలేసుకోవాల్సి వచ్చింది.

* * *

ప్రయోగశాల మధురవాడ వైపు కొండమీద ఉంది. అద్దాల భవనం, లోపల చల్లటి పొడుగాటి వరండా. నేల అద్దంలా ఉంటుంది. లయ పెట్టించుకున్న ప్రతివాళ్ళనీ ఆ వరండాలోనే నడిపిస్తారు. పైడమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చింది. ఫోను ఎప్పటిలాగే నడుముకి, చీర మడతలో బిగించిన గుడ్డసంచిలో పెట్టుకుంది. చేతులు ఊపుకుంటూ ఆ చివరికీ ఈ చివరికీ నడిచింది. గోడమీద తెరలో ఆకుపచ్చ గీత లేస్తూ పడుతూ చక్కగా నడిచింది. ఒక్క అడుగు తప్పలేదు. గుండె వేగం అడుగుతో పాటు పెరిగింది, ఆగగానే తగ్గింది.

"చూశారా అమ్మా, యంత్రం ఎంత బాగా పనిచేస్తోందో" అన్నాడు డైరెక్టరు అనంతశయనం. ఆయన మంచివాడే, గొంతు పెంచి ఎరగడు. లయ ఆయన మెదడులో పుట్టింది, ఇరవయ్యేళ్ళు దాన్ని కన్నబిడ్డలా పెంచాడు. "రోజూ ఇలాగే నడవండి. ఆటోలు మానెయ్యండి. బరువులు గట్రా ఎత్తడం లేదు కదా?"

"లేదు బాబూ" అంది పైడమ్మ నేల చూపులు చూస్తూ.

ఆ ఒక్క మాటతో అంతా తప్పుదారి పట్టింది. ఆపరేషను రోజున డాక్టర్లు బరువులెత్తకూడదన్నారు. ఎత్తుతున్నానంటే యంత్రం పీకేస్తారని జాలరిపేటలో ఎవరో పుల్ల పెట్టారు. అందుకని పేటలో లయ ఉన్న ఆడవాళ్ళంతా ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఆసుపత్రికి గానీ ఆఫీసుకి గానీ పోతే గంపమాట నోట రానివ్వకూడదు, ఒట్టిచేతులతో పోవాలి, అడిగితే ఇంట్లోనే ఉంటున్నామనాలి. నూకరత్నం ఆఫీసు మనిషి కాబట్టి ఆమెకీ చెప్పలేదు. ఆపరేషనయ్యాక అప్ప సరుకు ఆటోకెత్తి పంపుతోందనే ఆమె అనుకుంది, ఇంకా గంపెత్తుతోందని ఎరగదు. కూరలో చేప తింటోంది గానీ, ఆ చేప ఇంటికెలా వచ్చిందని ఒక్కరోజూ అడిగిన పాపాన పోలేదు.

పైడమ్మ వెళ్ళాక అనంతశయనం నూకరత్నాన్ని గదికి పిలిచాడు.

"శుక్రవారం కొత్త లెక్క అన్ని ఫోన్లకీ వెళ్ళిపోవాలి. నీ సంతకం ఒక్కటే మిగిలింది. మీ అక్కగారి విషయం తేలిపోయింది కదా!"

కొత్త లెక్క అంటే నూకరత్నం రాసిన జల్లెడే, ఇంకాస్త బిగించినది. మొదట్లో లయకి ఒక జబ్బుండేది. గతుకుల రోడ్డుమీద ఆటో ఎగిరితే ఫోను దాన్ని అడుగనుకునేది. గాజువాకలో ఒక పెద్దాయన ఆటోలో కూర్చుని ఉండగా గుండె పరుగుపందెంలో ఉన్నట్టు కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. దాని మీదట నూకరత్నం జల్లెడ రాసింది. మనిషి ఉన్న చోటు మారుతూ, ఒంట్లో అడుగు కుదుపు కనబడకపోతే ఆ మనిషి బండిలో ఉన్నట్టు. అప్పుడిక ఏ కుదుపునీ లెక్కెయ్యకూడదు. ఆ జల్లెడ పడ్డాక మళ్ళీ ఒక్కరు కూడా అలా పోలేదు. సభపెట్టి ఆమెకి శాలువా కప్పారు, పైడమ్మ ముందు వరుసలో కూర్చుని ఈలలేసింది.

"ఒక్క రెండు రోజులాగి చేస్తాను సార్" అంది నూకరత్నం. ఎందుకంటుందో ఆమెకే సరిగ్గా తెలియదు. వరండాలో అప్ప నేలచూపులు చూడటం మాత్రం కళ్ళలోంచి పోలేదు. పైడమ్మ ఎవరి ముందూ తలదించే మనిషి కాదు.

* * *

మర్నాడు తెల్లవారుతుండగా నూకరత్నం హార్బరుకి పోయింది. చేతిలో ఆఫీసు ట్యాబ్ పలక ఉంది, అందులో పైడమ్మ ఫోను ఏమనుకుంటోందో అప్పటికప్పుడు కనబడుతుంది. పడవల్లోంచి సరుకు దిగుతోంది. వేలం కేకలు, ఐసుముక్కల చప్పుడు, నెత్తళ్ళ వాసన. పైడమ్మ కానాగంత చేపలు కొని గంపలో సర్దింది. తలమీద చుట్టకుదురు పెట్టుకుని, పక్కనున్నామెతో "ఒలే, సెయ్యెయ్యి" అంది. ఇద్దరూ కలిసి గంపని ఒక్క ఊపున తలకెత్తారు.

అప్పటిదాకా పలకమీద నిక్షేపంలా నడిచిన ఆకుపచ్చ గీత, పైడమ్మ గంపతో అడుగు ముందుకెయ్యగానే పడుకుండిపోయింది. నాలుగు బారలు పోయేసరికి గీత కింద బస్సుబొమ్మ వెలిగింది. 'ప్రయాణంలో ఉన్నారు' అని అక్షరాలు.

గంపెత్తిన ఆడమనిషి ఎలా నడుస్తుందో ఎవరికి తెలియదు! మోకాళ్ళు మడిచి, నడుము దగ్గరే కుదుపంతా మింగేసి, పైనున్న నీళ్ళచుక్క తొణక్కుండా జారిపోతుంది. అలా నడవకపోతే మెడ విరుగుతుంది, సరుకు నేలపాలవుతుంది. చిన్నప్పుడు ఖాళీగంప పెట్టి వీపుమీద చరుస్తూ నేర్పేది ఆ నడకే. ఫోను అడుగని గుర్తుపట్టే కుదుపేదో, దాన్నే లేకుండా చేసుకోవడం వాళ్ళ పనితనం. చోటు మారుతోంది, కుదుపు లేదు. కాబట్టి బస్సు. నూకరత్నం రాసిన జల్లెడ చెప్పింది చెప్పినట్టు చేస్తోంది.

"అప్పా!" అని అరిచింది.

పైడమ్మ తల తిప్పలేదు, గంపతో తల తిప్పకూడదు. ఒళ్ళంతా ఇటు తిరిగింది. చెల్లెల్ని చూసి ఉలిక్కిపడింది. మరుక్షణం మొండికేసింది. "ఏటి? కాపలాకొచ్చేవా? ఎల్లి సెప్పుకో మీ ఆపీసు బాబుకి. పీకేత్తే పీకేయమను. గంపెత్తకపోతే నాను బతికుండి ఏటి సెయ్యాల, గోడకేసి కూకోనా?" అని గిర్రున తిరిగి కొండవైపు నడిచింది.

నూకరత్నం వెంటపడింది. వాలు మొదలైంది. పలకమీద గుండెవేగం కూర్చున్న మనిషి వేగమే. వీధి మెలికలు తిరిగి ఎక్కుతోంది, మెట్లొచ్చాయి. అప్పుడూ అదే వేగం, అదే బస్సుబొమ్మ. పైడమ్మ మెడనరాలు ఉబ్బాయి, పెదాలు తెల్లబడ్డాయి. "ఆగు, దించు" అని నూకరత్నం ఏడుస్తోంది. "ఇంకో నాలుగు మెట్లే" అంటోంది పైడమ్మ. ఆ నాలుగు మెట్లూ ఎక్కలేదు. గోడకి చెయ్యానించి, గంపని మాత్రం పడనివ్వకుండా చెల్లెలి చేతులకందించి, తను కూలబడిపోయింది.

గంప దిగిందో లేదో, కూలబడిన కుదుపుకి ఫోను మేలుకుంది. 'నడక మొదలైంది' అంది. కూర్చున్న మనిషికి గుండె దడదడలాడింది.

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. ముందు తన మీద, ఆ తర్వాత ఆ పలక మీద, ఆ తర్వాత ఆ అద్దంలాంటి వరండా మీద. ఎన్నేళ్ళబట్టి నడిపిస్తున్నారు జనాన్ని ఆ వరండాలో! ఒక్కడంటే ఒక్కడికి బుద్ధి పుట్టలేదే, తలమీద ఏమైనా పెట్టి నడవండి చూద్దామని! పుట్టాల్సింది మొదట ఎవరికి? జాలరిపేటలో పుట్టిన తనకే. పన్నెండో ఏట అప్ప తన నెత్తిమీంచి గంప లాగేసి పుస్తకాలసంచి తగిలించింది. సంచితో పాటు కళ్ళకి గంతలు కూడా కట్టేసుకుందేమో తను.

పైడమ్మకి ఊపిరి ఆడాక, పైమెట్టు మీద నుంచి ఎవరో దిగుతూ పలకరించారు. పక్కవీధి సన్యాసమ్మ, కట్టుబడి పనిలో ఇటుకలు మోస్తుంది. బక్కపలచని మనిషి. ఆమెకీ లయ ఉంది.

"నీకూ గుండె పడిపోయిందా వదినా? నాకు నిన్న రెండో అంతస్తులో పడిపోనాది. మేస్త్రీ తిట్టేడు. మా ఫోను సూత్తే బస్సెక్కేవంతంది. రెండో అంతస్తు మీదకి బస్సెలగెల్తదమ్మా?" అని నవ్వింది.

* * *

రెండు రోజులు నూకరత్నం ఆఫీసు కుర్చీ వదల్లేదు. గంప నడకని గుర్తుపట్టేలా లెక్క మార్చాలని చూసింది. మార్చినకొద్దీ బస్సు కూడా నడకలాగే కనబడింది. గంప నడకా బస్సు నడకా ఫోనుకి ఒకటే, ఎంత గింజుకున్నా రెంటినీ విడదియ్యడం కుదరలేదు. చివరికి ఆమెకి తట్టిన ఉపాయం ఎంత చిన్నదంటే, తట్టనందుకు తనని తనే తిట్టుకుంది. ఫోనుకి తెలియకపోతే మనిషిని అడిగితే సరి! తెరమీద ఒక పెద్ద మీట. దానిమీద గంపబొమ్మ. బరువెత్తగానే మీట నొక్కితే జల్లెడ తప్పుకుంటుంది, చోటు మారే వేగాన్ని బట్టి గుండె నడుస్తుంది. బరువు దించి మామూలుగా నాలుగడుగులు వేస్తే మీట దానంతటదే ఆరిపోతుంది. మర్చిపోయి ఆటో ఎక్కినా, ఆటో వేగం మనిషి వేగం కాదు కాబట్టి అప్పుడూ ఆరిపోతుంది. బల్లమీద, బొమ్మగుండె మీద అన్నిరకాలుగా పరీక్షించి చూసింది. ఎక్కడా తప్పలేదు.

గురువారం అనంతశయనం ముందు పెట్టింది. ఆయన ఓపిగ్గా అంతా చూశాడు.

"బాగుంది. కానీ కుదరదు."

"ఎందుకు కుదరదు సార్?"

"రోగి చేతికి గుండె అప్పజెబుతామా, రత్నం? ఆ గాజువాక పెద్దాయన నా చేతుల్లో పోయాడు. ఆయన కూతురు నన్నడిగింది, కూర్చున్న మనిషి ఎలా చచ్చిపోయాడని. యంత్రం ఉన్నదే మనిషి మాటమీద ఆధారపడకుండా ఉండటానికి. చదువురానివాళ్ళు, తప్పు నొక్కితే?"

"చదువురానివాళ్ళకి బరువెత్తామో లేదో కూడా తెలీదా సార్?"

"బరువెత్తొద్దని మనం చెప్పాం. చెప్పినమాట విననివాళ్ళ కోసం వేలమందిని ప్రమాదంలో పెట్టను. ఆ కాగితంలో ఇంకో వాక్యం వేయిద్దాం. 'తలపై బరువులు మోయరాదు' అని."

నూకరత్నం ఓపిక అక్కడ తెగిపోయింది. "మోయకపోతే ఏం తింటారండీ? మీ కాగితం తింటారా? వాళ్ళు నడుస్తున్నారు సార్! మీరూ నేనూ జన్మలో నడవనంత నడుస్తున్నారు! నడవలేదని చెబుతోంది మనం. సన్యాసమ్మ అని ఒకామె ఉంది, ఇటుకలతో రెండో అంతస్తుకెక్కితే బస్సులో ఉందని రాశాం. సిగ్గనిపించట్లేదా మీకు? నాకు ఒళ్ళంతా సిగ్గుగా ఉంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని మెల్లగా అన్నాడు. "మీ అక్కగారి ఒక్కరి ఫోనులో ఆ మీట పెట్టుకో. నేను చూడనట్టు ఊరుకుంటాను. రేపు సంతకం చెయ్యి. మిగతావాళ్ళ సంగతి వచ్చే ఏడాది చూద్దాం."

అప్ప తెల్లటి పెదాలు నూకరత్నం కళ్ళముందు మెదిలాయి. ఛీ అనాల్సినచోట, "ఆలోచించుకుంటాను సార్" అని బయటికొచ్చింది.

సాయంత్రం జాలరిపేటకి పోయి విషయం చెప్పింది. చెబుతూనే అప్ప చేతిలోంచి ఫోను తీసుకోబోయింది. పైడమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"నాకొక్కదానికేనా?"

"ఇప్పటికి నీకే. ముందు నువ్వు బతుకు అప్పా, తర్వాత..."

"సన్యాసమ్మకో?"

"వచ్చే ఏడాది చూస్తారట."

"వచ్చే ఏడాదికి అదుంటాదేటే?" పైడమ్మ గొంతు పేటంతా వినబడింది. "నా సెల్లి ఆపీసులో ఉందని నా గుండొకటే కొట్టుకోవాల, దానికెవులూ లేరని దాని గుండాగిపోవాల. అదేనా నువ్వు సదివింది? సంతకం సేత్తానని సెప్పేసేవా ఆయనకి?"

"చెప్పలేదు."

"కాదని సెప్పేవా?"

నూకరత్నం ఫోను కోసం మళ్ళీ చెయ్యి చాపింది.

"ఎల్లు" అంది పైడమ్మ. "అన్నం తిని ఎల్లమని కూడా అనను ఈ పూట. ఎల్లిపో."

* * *

శుక్రవారం పదిగంటలకి సంతకాల గదిలో నూకరత్నం ముందు తెర వెలుగుతోంది. వేలు ఆనిస్తే కొత్త లెక్క అన్ని ఫోన్లకీ పోతుంది. ఎదురుగా అనంతశయనం. "చెయ్యను సార్" అంది ఆమె. "ఉద్యోగం తీసేస్తే తీసెయ్యండి. మీట లేకుండా ఇది వెళ్ళదు. మా అప్ప ఫోనులో కూడా పెట్టలేదు, తనే పెట్టనివ్వలేదు." ఆయన ఏదో అనేలోపు గేటు దగ్గర కాపలా ఉండే అప్పలస్వామి పరుగెత్తుకొచ్చాడు.

"సార్, ఆడోల్లు వచ్చేరు సార్. గంపల్తో."

ఇద్దరూ దిగి వెళ్ళారు. గేటు ముందు ఎండలో పదిమంది దాకా ఉన్నారు. చేపలగంపలు, ఇటుకలతట్టలు, ఒకామె నెత్తిన కట్టెలమోపు. బస్టాపు నుంచి ఆ కొండంతా బరువులతో ఎక్కి వచ్చారు. అందరికీ లయ ఉంది. ముందు పైడమ్మ, పక్కన సన్యాసమ్మ. నూకరత్నం చేతిలో పలక చూసుకుంది. అందరి పేర్ల పక్కనా బస్సుబొమ్మే. అందరి గుండెలూ కూర్చున్న మనుషుల గుండెలే.

"అప్పా, నీకేమైనా పిచ్చా? దించండి! అందరూ దించండి!"

"నువ్వుండవే" అని పైడమ్మ అనంతశయనం వైపు తిరిగింది. ఊపిరి అందక మాట ముక్కలుముక్కలుగా వస్తోంది. "బాబూ, ఆరోజు నాను అబద్దమాడేను. గంపెత్తుతన్నాను. ఈల్లందరూ ఎత్తుతన్నారు. అదిగో, ఎత్తుకునే వచ్చేం. ఇపుడు సూడండి మమ్మల్ని."

"అమ్మా, ముందు బరువు దించండి. ప్రాణానికి ప్రమాదం. దించాక లోపల కూర్చుని మాట్లాడుకుందాం."

"దించితే మీకు కనబడతాం, తెలుసు. దించకండా కనబడాల."

సన్యాసమ్మ పెదాలు పాలిపోయాయి. అనంతశయనం డైరెక్టరు కాకముందు డాక్టరు, ఆ రంగు ఏమిటో ఆయనకి తెలుసు. రెండంగల్లో దగ్గరికి పోయి తట్ట పట్టుకోబోయాడు. ఆమె రెండు చేతులతో తట్టని బిగించి పట్టుకుంది.

"వదలమ్మా! చచ్చిపోతావు!" ఆయన గొంతు పెంచడం నూకరత్నం అదే మొదటిసారి వినడం.

"రోజూ సస్తన్నాను బాబూ" అంది సన్యాసమ్మ. "రోజూ మీరు సూడరు, అంతే."

నూకరత్నం పలకని ఆయన మొహం ముందు పెట్టింది. మీట సిద్ధంగా ఉంది. పంపడానికి ఇద్దరి వేళ్ళూ కావాలి, ఆయనదీ తనదీ. తన వేలు అప్పటికే ఆనించింది.

"ఇక్కడున్నవాళ్ళకి మాత్రం పంపుదాం" అన్నాడాయన, చెమటలు కక్కుతూ.

"అందరికీ సార్."

"రత్నం, ఇది బేరాలాడే సమయం కాదు!"

"బేరం నిన్న మీరు మొదలెట్టారు. అందరికీ."

సన్యాసమ్మ ఒళ్ళు పక్కకి వాలింది. పైడమ్మ తన గంప కదలకుండానే భుజం అడ్డుపెట్టి ఆపింది. అనంతశయనం కళ్ళు మూసుకుని వేలు ఆనించాడు.

ఆడవాళ్ళ నడుముల దగ్గర ఫోన్లు వరసగా మోగాయి. నూకరత్నం సన్యాసమ్మ చీరమడతలోంచి ఫోను లాగి ఆమె ముందు పట్టుకుంది. "గంపబొమ్మ నొక్కు. నువ్వే నొక్కు. నొక్కి రెండడుగులు నడు." సన్యాసమ్మ తట్టమీంచి ఒక చెయ్యి వదిలి, బొటనవేలితో నొక్కింది. పైడమ్మ భుజం ఆసరాతో ఒకడుగు వేసింది. ఇంకొకటి వేసింది. పలకమీద బస్సు ఆరిపోయింది. గుండె అంకె మెల్లగా లేవసాగింది. నాలుగోసారి కాలు కదిపేసరికి పెదాలకి రంగొచ్చింది. ఆమె నిలబడి, ఎప్పుడూ ఎరగనట్టు, గుండెలనిండా గాలి పీల్చుకుంది.

అనంతశయనం గేటుకి ఆనుకుని నిలబడ్డాడు, కళ్ళజోడు చేతిలో ఉంది. ఆయన మొహం చూస్తే ఎవరైనా ఒక మంచిమాట అంటారేమోనని ఎదురుచూస్తున్నట్టుంది.

పైడమ్మ తన మీట తనే నొక్కుకుంది. ఆయన్ని కింద నుంచి పైదాకా చూసింది.

"ఏటి బాబూ, దండం ఎట్టమంతారా?" అంది. "నొక్కడానికి ఒక ఏలు. దానికి ఇంతమంది ఇంత కొండెక్కాల."

నూకరత్నం ముందుకొచ్చి, "అప్పా" అంది. పైడమ్మ చెల్లెలి వైపు చూడలేదు. వెనక్కి తిరిగి ఆడవాళ్ళని కేకేసింది.

"పదండర్రా, ఎండెక్కిపోతంది. సేపలు పాడైపోతాయి."